పదిహేడు మంది దస్తూరి

చిట్కుల్,
జూలై 7.

ప్రియమైన రవళికి,

ఈ పొద్దున షిఫ్టు బస్సులో నా ముందు సీట్లో కూర్చున్న పోశమ్మ, వానకు ఆవిరి పట్టిన అద్దం మీద చూపుడువేలితో చుక్కలు పెట్టింది. ఐదు వరసలు. వాటిని కలుపుకుంటూ పోయి ముగ్గు చేసింది. పటాన్‌చెరు రాగానే మోచేత్తో తుడిచేసి దిగింది.

ఉత్తరం చూసి కంగారు పడకు. నా ఫోను బాగానే ఉంది. ఇది మందు. మా కంపెనీకి వ్యక్తిత్వ నిపుణుడు ఒకాయన వచ్చాడు. పేరు రాజశేఖర్. కార్డు మీద పేరుకు ముందు డాక్టర్ అని ఉంది. పేరు తర్వాత ఉన్నవి చదవాలంటే కార్డు వెనక్కి తిప్పాలి. ఆయన నా దస్తూరి చూసి, "అమ్మా, మీ అక్షరాలు నేలచూపులు చూస్తున్నాయి" అన్నాడు. నలభై ఒక్క రోజులు, రోజుకు రెండు పేజీలు చేత్తో రాయాలట. తలకట్లు పైకి లేవాలి, వరసలు కుడివైపుకు ఎక్కాలి. ఏం రాయాలో అడగడానికి ధైర్యం చాలలేదు. అందుకని నీకు రాస్తున్నాను. ఎక్కుతున్న ఈ వరసలు చూసి నవ్వకు.

మాది మందు సీసాలకు మూతలు చేసే ఫ్యాక్టరీ అని నీకు తెలుసు. నేను హెచ్.ఆర్. ప్రభాకర్ సార్ దగ్గర ఫైళ్లు చూస్తాను. ఇక్కడున్న నలభై రెండు మంది కాంట్రాక్టు మనుషుల్లో ముప్పై మందిని పర్మినెంట్ చేస్తారట. మిగతా పన్నెండు మందికి ఈ నెలా వచ్చే నెలా, అంతే. పని చూసి ఎంచుదామంటే తేలదు, పని అందరూ చేస్తున్నారు. కాబట్టి ప్రతి ఒక్కరూ ఒక చెట్టు గీసి, 'నా జీవిత లక్ష్యం' మీద పది వాక్యాలు రాయాలి. ఎవరు ఎలాంటివాళ్లో నిపుణుడు చెబుతాడు.

శనివారం క్యాంటీన్‌లో చెట్లు గీయించారు. లోడింగ్ యాదగిరి అందరికంటే ముందు ఈత చెట్టు గీసి ఇచ్చాడు. కొమ్మలు లేవు. మొద్దు మీద అటొకటి ఇటొకటి గాట్లు. "ఏడాదికొక్క గాటు సార్. కల్లు తీసుడుకు గీసినయి. ఎన్ని గాట్లుంటె అన్నేండ్లు గీసిన చెట్టన్నట్టు" అని చెప్పాడు కూడా. నిపుణుడు శ్రద్ధగా విని, 'బాల్యంలో గాయాలు, అన్నీ మానినవి' అని రాసుకున్నాడు.

ప్యాకింగ్‌లో చేసే పోశమ్మ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"ఏం చెట్టు సార్?"

"మీ మనసులో ఉన్న చెట్టమ్మా."

"మనసుల చెట్టెందుకుంటది సార్? ఇంటెనక ఏప చెట్టుంది, అది గియ్యాల్నా?"

తర్వాత పెన్సిలుతో కాగితం నిండా చుక్కలు పెట్టింది. చుక్కలు కలిపి వేపచెట్టు చేసింది. రెండు వైపులా కొలిచినట్టు వచ్చింది. పక్కన కూర్చున్న అరుణమ్మ చూసి తనూ చుక్కలు పెట్టింది.

రాతల దగ్గరికి వచ్చేసరికి పదిహేడు మందికి రాయడం రాదని తేలింది. నిపుణుడు భోజనానికి వెళ్లాడు. ప్రభాకర్ సార్ నన్ను పిలిచి, "కాన్వెంట్ల సదివినవు గద, నువ్వే రాసెయ్యి. జెర జల్దీ" అన్నాడు. వాళ్లు చెప్పారు, నేను రాశాను. జీవిత లక్ష్యం ఏమిటని అడిగితే పోశమ్మ, "నడుము నొప్పి లేకుంట సచ్చిపోతె సాలు" అంది. 'ఆరోగ్యంగా జీవించడం నా లక్ష్యం' అని రాశాను.

రెండు పేజీలు అయ్యాయి.

నిషిత


సంగారెడ్డి,
జూలై 14.

నిషీ,

పోస్ట్‌మన్ మా గేటు దగ్గర నిలబడి, "కోర్టు కాయిదం గిట్ల కాదు గద మేడం?" అని అడిగిండు. చేత్తో అడ్రసు రాసిన కవరు ఇచ్చి ఎన్నేండ్లయిందో ఆయనకే యాదికి లేదట. పాతిక కిలోమీటర్లు రానీకి నీ ఉత్తరానికి ఐదు రోజులు పట్టింది. నువ్వు నడిచొస్తే అదే రోజు పొద్దుగూకే వరకు వస్తుంటివి.

నేను మాట్లాడినట్టే రాస్త. క్లాసుల రోజంతా పుస్తకం భాష చెప్పి నోరు నొస్తది.

నీ అక్షరాలు నేలచూపులు చూస్తున్నయా? మనిద్దరివి ఒక్కతీరు అక్షరాలే గదనే! సిస్టర్ స్కేలుతోని వేళ్ల మీద కొట్టి కొట్టి నలభై మందికి ఒకటే దస్తూరి తెచ్చింది. నీది చూసి భయస్తురాలంటే మరి నాది చూసి ఏమంటడు? నా నోటికి జడిసి మా హెడ్మాస్టర్ స్టాఫ్‌రూంల అడుగు పెట్టడు.

అయినా మరీ అంత ఎగతాళి చేయకు. ఏదో తెలవకుంటే అంత పెద్ద కంపెనీ పిలుస్తదా? ఇంతకూ మనిషి ఎట్లుంటడు? చిటికెనవేలికి ముత్యం ఉంగరం ఉంటదా? ఊకెనే అడుగుతున్న.

మీ అమ్మగారు బాగున్నరా? మనం స్కూల్ల ఉన్న ఏడేండ్లల్ల ఒక్క మీటింగుకు రాలేదు. ఎప్పుడు చూసినా మీ చిన్నమ్మనే వస్తుండె, తోలు హ్యాండ్‌బ్యాగు ఏసుకోని. "అమ్మకు కంపెనీల తీరిక ఉండదు" అంటుంటివి. ఇప్పుడన్న దొరికిందా?

నీ
రవళి


చిట్కుల్,
జూలై 21.

ప్రియమైన రవళికి,

అమ్మ బాగుంది. తీరిక ఇంకా దొరకలేదు. ముత్యం ఉంగరం ఉంది. నీకెలా తెలుసు?

రిపోర్టులు వచ్చాయి. మనిషికి ఒక పేజీ, మెరిసే కాగితం. ఫైలు చేసేది నేనే కాబట్టి అన్నీ చదివాను.

ఈ శాస్త్రం ఇంగ్లీషు అక్షరాలకు పుట్టిందట. తెలుగుకు రాజశేఖర్ గారే నియమాలు కట్టారు. తలకట్టు ఎత్తుగా ఉంటే ఆశయం. కొమ్ము సాగితే కోపం. సున్నా గట్టిగా మూసుకుంటే లోపల ఏదో ఉంది. నా సున్నాలు ఎప్పుడూ మూసుకునే ఉంటాయి. సిస్టర్ తెరిచి ఉంచనిచ్చేది కాదు, నీకూ తెలుసు.

పదిహేడు కాగితాల మీదా నా సున్నాలే. యాదగిరి పేరుతో ఉన్న సున్నాలకు, 'కంపెనీ రహస్యాలను ప్రాణం పోయినా బయటపెట్టడు. నాయకత్వ లక్షణాలు నిండుగా ఉన్నాయి' అని వచ్చింది. బాయిలర్ దగ్గర పనిచేసే బాలప్ప సున్నాలకు, 'లోతైన ఆధ్యాత్మికత.' బాలప్ప ఆ కాగితం నాతో చదివించుకుని, "అది ఏం రోగం బిడ్డా? దవఖానల మందిస్తరా?" అని అడిగాడు. అరుణమ్మ సున్నాలు సంసారం గుట్టుగా నడిపే ఇల్లాలివి. ఆమె చెట్టులోని చుక్కలు ప్రణాళికా సామర్థ్యం.

పోశమ్మ రిపోర్టు ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. 'దాచే స్వభావం. తనవాళ్లెవరో కూడా నలుగురిలో చెప్పుకోని మనిషి. చెట్టు నిండా చుక్కలు: వల పన్నే బుద్ధి. సరుకు దగ్గర ఉంచరాదు.'

రాయడం రాని పదిహేడు మందిలో పదహారు మంది గట్టెక్కారు. పోశమ్మ ఒక్కతే ఆ పన్నెండు మందిలో పడింది.

ఆమె పదకొండేళ్లుగా మూతలు లెక్కపెట్టి సంచుల్లో వేస్తోంది. ఒక్క మూత తగ్గిందని ఎవరూ అనలేదు. అచ్చుల్లోంచి మూతలు వేడిగా వస్తాయి. పోయిన ఎండాకాలం ప్యాకింగ్ వాళ్లందరికీ చేతి తొడుగులు కావాలని ప్రభాకర్ సార్‌ను అడిగింది ఆమే.

నా రిపోర్టు కూడా ఉంది. 'ఆత్మవిశ్వాసం శూన్యం. అబద్ధం ఆడే శక్తి లేదు. ఫైళ్లు అప్పగించవచ్చు.'

ప్రభాకర్ సార్ గదిలోకి వెళ్లాను. "సార్, ఆ రాతలు..." అన్నాను. "ఏ రాతలు?" అన్నాడు. "ఏం లేదు సార్" అని వచ్చేశాను.

నల్లా దగ్గర పోశమ్మకు సంగతి చెప్పాను. నీ పేరు మీద ఉన్న రాత నాది, ఆ మాట ఒప్పుకుంటాను అన్నాను. ఆమె చేతులు తుడుచుకుంటూ, "నోరు మూసుకోని కుర్సీల కూసో బిడ్డా. నా పని పోతె ఇంకో కంపెనీల ఊడుస్త. నీ కుర్సీ పోతె మల్ల రాదు" అంది. ఆ రోజు ఆమె డబ్బాలో పుంటికూర పప్పు. ఉప్పు తక్కువైంది.

నిషిత


సంగారెడ్డి,
జూలై 28.

నిషితా,

నోరు మూసుకోని కూసుంటవా? నిజంగనా?

ఎనిమిదో తరగతిల గ్లోబు పలగొట్టింది నువ్వు. ఎవరని సిస్టర్ అడిగితే నేల చూసుకుంట నిలబడ్డవు. దెబ్బలు నాకు పడ్డయి. నేనేం అనలేదు, నా వేళ్లు గట్టివి. రెండు రోజుల్ల తక్కువైనయి. ఇది గ్లోబు కాదే. పదకొండేండ్ల పని. పైంగ దొంగ అన్న పేరు. ఆ మెరిసే కాయిదం పట్టుకోని ఆమె ఇంకో కంపెనీకి పోతే గేటు లోపలికి రానిస్తరా?

ఇంకొకటి. ఆమె డబ్బాల పప్పుకు ఉప్పు తక్కువైందని నీకెట్ల తెలుసు? ఆఫీసోళ్లు ప్యాకింగోళ్లు ఒక్క దగ్గర తింటరా మీ దగ్గర?

రవళి


చిట్కుల్,
ఆగస్టు 2.

రవళీ,

ఉప్పు సంగతి తర్వాత రాస్తాను.

గ్లోబు సంగతి నాకు గుర్తుంది. రోజూ గుర్తుంటుంది.

చెబితే నా పని పోతుంది. నేనూ కాంట్రాక్టే. ఆఫీసులో కుర్చీ వేసుకుని కూర్చున్నది మా ఇంట్లో నేనే మొదటిదాన్ని. నాకంటే ఎక్కువగా ఆ కుర్చీని చూసుకుని మురిసేవాళ్లు ఉన్నారు.

నిన్న పన్నెండు మందికీ నోటీసులు ఇచ్చారు. ఆగస్టు ముప్పై ఒకటి ఆఖరి రోజు. పోశమ్మ నోటీసు కింద బొటనవేలి ముద్ర వేసింది. ఆ నోటీసు రాసిందీ నేనే. పంద్రాగస్టు నాడు యజమాని జెండా ఎగరేయడానికి వస్తున్నారు. నిపుణుడు ఆయన ముందు క్యాంటీన్‌లో ఉపన్యాసం ఇచ్చాక జాబితా ఖాయమవుతుంది.

నా వరసలు చూడు, కుడివైపుకు బాగా ఎక్కుతున్నాయి. వరసలు తప్ప ఇంకేమీ ఎక్కలేదు.

నిషిత


సంగారెడ్డి,
ఆగస్టు 8.

నిషీ,

కోపంల రాసిన, మనసుల పెట్టుకోకు. నేను నీకు నీతులు చెప్పుడు బాగుంది గని, నేను దాచింది కూడా ఒకటుంది.

ఆ రాజశేఖర్ మా బాబాయి. మా నాయిన సొంత తమ్ముడు, ముత్తంగిల ఉంటడు. నీ మొదటి ఉత్తరంలనే అనుమానమొచ్చింది, ఉంగరంతోని ఖాయమైంది. చెప్పనీకి నామోషీ అయింది. నువ్వు నవ్వుతవని.

ఆయన ముందుగాల నీళ్లు శుద్ధి చేసే మిషిన్లు అమ్మిండు. తర్వాత ఇంద్రేశం వెంచర్లల్ల వాస్తు చెప్పిండు. ఒక ఇంటి వంటగదిని మూడుసార్లు తిప్పించిండు. నాలుగోసారి ఆ ఇంటాయన ఈయననే తిప్పి పంపిండు. ఇగ రెండు ఆదివారాలు కంప్యూటర్ ముందట కూసోని ఈ చెట్ల శాస్త్రం నేర్చుకున్నడు. డాక్టర్ ఎక్కడిదని నానమ్మ అడిగితే, "పేరు ముందట ఉంటె మంచిగుంటదమ్మా" అన్నడు.

మొన్న ఆదివారం ముత్తంగి పోయిన. బాబాయి అన్నం తింటుంటె మెల్లగ అడిగిన. "బాబాయ్, ఒక్కతీరు సున్నాకు ఒకరేమో నమ్మకస్తుడు, ఇంకొకరేమో దొంగ ఎట్లయితరు?"

"సున్నా ఒక్కటే చూసి చెప్తరా బిడ్డా? రిపోర్టు రాసే ముందు మేనేజర్‌తోని చాయ్ తాగుత. ఎవలు ఎసొంటోళ్లో ఆయన రెండు ముక్కలు చెప్తడు. ఆ ప్యాకింగామె అది గావాలె ఇది గావాలె అని అడుగుతదట. అసొంటోళ్లే లోపల పెట్టుకుంటరు. సైన్సుకు సందర్భం ఉండాలె గద!"

ఇంత కూడా సిగ్గుపడకుంట పప్పు వడ్డించుకున్నడు. పదిహేడు మంది రాతలు ఒక్క మనిషివని మాత్రం ఆయనకు తెల్వదు. నేను చెప్పలేదు. చెప్పాల్సింది నువ్వు.

మా బాబాయి పరువు గురించి ఆలోచించకు. ఆయన వచ్చే నెల ఇంకో శాస్త్రం నేర్చుకుంటడు.

నీ
రవళి


చిట్కుల్,
ఆగస్టు 18.

ప్రియమైన రవళికి,

నలభై ఒక్క రోజులు మొన్నటితో అయిపోయాయి. ఈ ఉత్తరం మందు కాదు.

పంద్రాగస్టు పొద్దున అందరూ జెండా దగ్గర ఉండగా నేను క్యాంటీన్‌లోకి వెళ్లాను. నోటీసు బోర్డు మీద పదిహేడు రాతలనూ పక్కపక్కన గుచ్చాను. ఒక్కొక్క దాని కింద దాని రిపోర్టు. చివర పద్దెనిమిదో కాగితం మీద ఒకే వాక్యం రాశాను. 'ఈ పదిహేడు రాతలూ ప్రభాకర్ సార్ రాయమంటే నేను రాసినవి. నిషిత, హెచ్.ఆర్. విభాగం.' నిలబడి మాట్లాడే పని అయితే నా వల్ల అయ్యేది కాదు. రాయడం వచ్చు.

మిఠాయి పొట్లాలతో అందరూ లోపలికి వచ్చారు. చదవడం వచ్చినవాళ్లు రానివాళ్లకు పైకి చదివి వినిపించారు. ముందు యాదగిరికి అర్థమైంది. "అరె, నా నాయకత్వం నీదా బిడ్డా? నెల రోజుల సంది మా ఇంటిదాని మీద చలాయిస్తున్న. వాపసు తీస్కో!" అన్నాడు. క్యాంటీన్ అంతా నవ్వింది. బాలప్ప మాత్రం ఆధ్యాత్మికత తిరిగి ఇవ్వనన్నాడు.

యజమాని బోర్డు ముందు నిలబడి ఒక్కొక్కటే చదివారు. ప్రభాకర్ సార్ నా వైపు చూడకుండా, "నేను రాయమనలేదు సార్" అన్నాడు. మీ బాబాయి ముఖం ముందు పాలిపోయింది. తర్వాత ఆయన నిజంగా తేరుకున్నాడు, రవళీ. కళ్లద్దాలు తుడుచుకుని, "చాలా అరుదైన కేసు సార్. ఒకే మనిషిలో పదిహేడు వ్యక్తిత్వాలు" అని, బోర్డుకు ఫోటో తీసుకున్నాడు. నన్నూ ఒక చెట్టు గీసి ఇమ్మన్నాడు. ఇవ్వలేదు.

యజమాని పోశమ్మ చెట్టు తెప్పించుకున్నారు. "ఈ చుక్కలేందమ్మా?" అని అడిగారు.

"సుక్కలు లేకుంట గీత యాడికి పోతది సార్? పొద్దున మీ ఇంటి ముందట ఏసిన ముగ్గు సూడలేదా?"

ఆయన ఆ పదిహేడు మంది రిపోర్టులు చెల్లవని, మిగతా ఇరవై ఐదు మందివి చెల్లుతాయని చెప్పి కారెక్కారు. చెట్టు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. బహుశా ఇంట్లో చూపించడానికి.

శనివారం ప్రభాకర్ సార్ జాబితా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. పన్నెండు అంటే పన్నెండే ఉండాలట, పైనుంచి వచ్చిన సంఖ్య. పోశమ్మ పేరు కొట్టేసి ఉంది. దాని పక్కన పెన్సిలుతో నా పేరు. సాఫుగా రాసి ఇమ్మన్నాడు. రాసి ఇచ్చాను. సున్నాలన్నీ గట్టిగా మూశాను.

ఈ పొద్దున బస్సులో పోశమ్మ నా ముందు సీట్లో కూర్చోలేదు. వచ్చి నా పక్కన కూర్చుంది. నేను ఆఫీసులో చేరిన రోజు, "కంపెనీల నువ్వెవరో నేనెవరో. నాతోని మాట్లాడకు, నీ కుర్సీకి మంచిది కాదు" అని ఆమే నియమం పెట్టింది. నేను కాదనలేదు. నాకూ అదే సుఖంగా ఉండింది. పటాన్‌చెరులో దిగే ముందు, "కుర్సీ పాయె" అంది. మెట్టు దిగాక, "పోనీ తియ్యి" అంది.

మీ బాబాయికి ఒక మాట చెప్పు. పదిహేడు రిపోర్టుల్లో ఒక్క వాక్యం మాత్రం ఆయన నా గురించి సరిగ్గా రాశాడు, వేరే మనిషి పేరు కింద: 'తనవాళ్లెవరో కూడా నలుగురిలో చెప్పుకోని మనిషి.' నువ్వు బాబాయి సంగతి రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను. ఉప్పు గురించి అడిగావు. ఆ రోజు నా డబ్బాలో ఉన్నదీ ఆ పుంటికూర పప్పే.

పోశమ్మ మా అమ్మ.

నిషిత